గట్టు ఊరుతున్నప్పుడు

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు తవ్వేసిన ఏడాది, పని లేక సోమరాజు పెళ్ళాం కామేశ్వరిని తీసుకుని మన్యంలో కూలికి వెళ్ళాడు. వానాకాలం మధ్యలో తిరిగొచ్చారు. వస్తూనే కామేశ్వరికి చలిజ్వరం పట్టుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ నీరసమని తేల్చి సెలైన్ ఎక్కించాడు. జ్వరం తగ్గలేదు సరిగదా, ఒకనాడు పొద్దున్నే ఆవిడ మొగుడి ముఖంలోకి చూసి, "ఎవరండీ మీరు?" అంది. అప్పుడు భయపడి ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు.

"మలేరియా మెదడుకెక్కింది. అక్కడ రక్తం సరిగా ఆడటం లేదు," అన్నాడు డాక్టరు ఈశ్వరప్రసాద్.

"గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు కదండీ! మరి రక్తం ఆడకపోవడమేంటండీ?" అన్నాడు సోమరాజు.

"పెద్ద నాళాల్లో ఆడుతోందండీ. వెంట్రుక కన్నా సన్నవి ఉంటాయి, వాటిల్లో ఇరుక్కుంది. మలేరియా పురుగు దూరిన రక్తకణం గోడకి అతుక్కుపోతుంది. వెనకొచ్చినవి దాన్ని తగులుకుంటాయి. అవతల మెదడుకి రక్తం అందదు. ఇంజక్షన్ పురుగుని చంపుతుంది, దారి మెల్లిగా తెరుచుకుంటుంది. మనం తొందరపడకూడదు."

సోమరాజుకి చెప్పినదాంట్లో సగమే ఎక్కింది. ఎక్కిన సగం మాత్రం మరీ బాగా ఎక్కింది. కాలవకి గుర్రపుడెక్క పట్టేస్తే నీళ్ళు ఆగిపోవడం అతను చూడనిది కాదు. ఎగువన తూము తలుపు పూర్తిగా ఎత్తేస్తే, ఆ వడికి డెక్క ఊడి కొట్టుకుపోతుంది. చిన్నప్పట్నుంచీ అతను చేసిన పనే అది.

పైగా అత్త సూరమ్మ పక్కన కూర్చుని ఒకటే సణుగుడు.

"ఏవయ్యా అల్లుడూ, పొద్దుట్నించీ ఒక్క బాటిలూ అవ్వలేదు. చుక్క పడేలోపు నాకు కునుకు పడుతోంది. మన ఆర్‌ఎంపీగారైతే ఈపాటికి రెండు ఎక్కించి భోజనానికి వెళ్ళేవోరు."

నర్సు రబియా అవతలి మంచం దగ్గరికి వెళ్ళగానే సోమరాజు లేచి, సెలైన్ గొట్టానికున్న చిన్న చక్రాన్ని పైకంటా తిప్పేశాడు. చుక్క ధారైంది. ఆసుపత్రిలో కాలుపెట్టాక అతనికి మనసు కుదుటపడింది అప్పుడే.

బాటిల్ అడుగంటేసరికి కామేశ్వరికి ఆయాసం ఎత్తుకుంది. గొంతులో గురగుర. రబియా పరుగున వచ్చి చక్రం మూసేసింది.

"ఇది ఎవరు ముట్టుకున్నారండీ?"

"మాకేం తెలుసమ్మా, అదే జారుంటది," అంది సూరమ్మ.

నిజం చెబితే బయటికి గెంటేస్తారేమో. చెప్పకపోతే, ఎంత నీరు ఒంట్లోకి పోయిందో వీళ్ళకి తెలిసేదెలా?

"నువ్వూరుకో అత్తా. నేనేనండీ, సిస్టర్‌గారూ. పూర్తిగా ఎత్తేశాను. ఆ బాటిలంతా ఇప్పుడు పోయిందేనండీ."

రబియా తిట్టలేదు. మంచం తలవైపు ఎత్తి, ఆక్సిజన్ పెట్టి, డాక్టర్ని పిలిచింది. నీరు మూత్రంలో దిగిపోవడానికి ఇంజక్షన్ పడింది. కాస్త ఊపిరి సర్దుకున్నాక ఈశ్వరప్రసాద్ సోమరాజు వైపు తిరిగాడు.

"కణాలు అతుక్కున్నచోట నాళం గోడ కూడా దెబ్బతింటుందండీ. పోసిన నీరు లోపల నిలవదు, బయటికి ఊరిపోతుంది. ఊరింది ఊపిరితిత్తుల్లో చేరుతుంది."

సోమరాజు డెక్క సంగతి ఆలోచించాడు గానీ, గట్టు సంగతి అతనికి తట్టనే లేదు.

"గట్టు ఊరుతున్నప్పుడు తూము ఎత్తినోణ్ణి మా ఊళ్ళో కొడతారండీ," అన్నాడు.

"కొట్టడానికి ఇక్కడెవరికీ తీరిక లేదండీ. ముందు ఆవిడ చెయ్యి కదలకుండా పట్టుకోండి," అంది రబియా.

ఆనాటి నుంచి సోమరాజు చుక్కలకి కాపలా కూర్చున్నాడు. ఊరివాళ్ళు తెచ్చిన కొబ్బరిబొండాలు పక్క మంచాలవాళ్ళకి పంచేశాడు. సూరమ్మ చెయ్యి గొట్టం వైపు వెళితే కసురుకున్నాడు. నీళ్ళంటే ఉరవడే అనుకున్న మనిషికి, ఒక్కో చుక్కకీ ఊపిరి బిగబట్టి కూర్చోవడం చెరువు తవ్వడం కన్నా కష్టమనిపించింది.

ఒక మధ్యాహ్నం కామేశ్వరి పెదాలు కదిలించింది. "దాహమండీ."

సోమరాజు గ్లాసు అందుకుని, ఆగి, "ఎంత పట్టొచ్చండీ?" అని రబియాని అడిగాడు.

"ఒక్క చెంచా. మింగాక నన్నడగండి."

పట్టాడు. గొంతు కదిలింది.

"ఇంకొంచెం పొయ్యండి."

"ఆగవే."

"ఏవండీ, కొల్లేట్లో పుట్టి చెంచాడు నీళ్ళకి ఇంత పిసినారితనమా!"

సోమరాజుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెంచా మళ్ళీ నింపి, రబియా తలూపేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.