లేని అత్తగారు

ఆ వారంలో ఆమె ఎక్కని గడప లేదు. బేకరీవాడు తెల్లవారుజామున నాలుగింటికి రమ్మన్నాడు. ఆసుపత్రి క్యాంటీన్‌లో రాత్రి పని ఉందన్నారు. బట్టల దుకాణంలో పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాలట, కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదట. పని లేదని ఎక్కడా అనలేదు, అదే విచిత్రం. పనులు బోలెడు. నాలుగేళ్ల పిల్లను జేబులో వేసుకుని తిరిగే వీలుంటే ఈపాటికి ఆమె మూడు ఉద్యోగాలు చేస్తుండేది!

ఆ పిల్లను వీధిలో అందరూ ఉడత అంటారు, ఒక్కచోట కుదురుగా ఉండదు కాబట్టి. తల్లిని గుండీలామె అంటారు. యూనిఫారాలు కుట్టే షెడ్డు నుంచి చొక్కాలు ఇంటికి తెచ్చుకుని గుండీలు కుట్టి ఇచ్చేది. మొగుడు పని చూసుకొస్తానని వెళ్లి పత్తా లేకుండా పోయి రెండేళ్లు. అప్పటి నుంచీ ఇద్దరి కడుపులూ నింపినవి ఆ గుండీలే. పోయిన నెలలో షెడ్డువాళ్లు గుండీలు కుట్టే మిషను కొన్నారు. ఇక ఆమెతో పనేముంది? చివరి మూట ఇచ్చిన రోజున కనీసం పాపం అన్నవాళ్లు కూడా లేరు.

ఇప్పుడు అదే షెడ్డులో కాలర్లు కుట్టే మనిషి కావాలని తెలిసింది. ఇంట్లో పాత మిషను మీద ఇరుగుపొరుగు బట్టలు కుట్టిన చెయ్యే కదా అని, రోషం పక్కన పెట్టి మళ్లీ ఆ గేటుకే వెళ్లింది.

సూపర్‌వైజరు యాభై దాటిన మనిషి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఫారం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంది. షిఫ్టు తొమ్మిది నుంచి అయిదు అంది. పిల్లలున్నారా, ఉంటే ఎవరు చూసుకుంటారు అని అడిగింది. గుండీలామె కళ్లలో టీచరమ్మ గది తలుపు మెదిలింది. టీచరమ్మ పక్క వీధిలో ఉండే రిటైరైన మనిషి. తన ముందుగదిలో ఉడతతో కలిపి ఏడెనిమిది మంది పిల్లల్ని తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కనిపెట్టుకుని ఉంటుంది. ఒంటిగంట కొట్టిందా, మూసేస్తుంది. మంచానపడ్డ భర్తకు తినిపించాలి, ఒళ్లు తుడవాలి. ఆమెను మాత్రం ఏమనగలం, ఆమె పాట్లు ఆమెవి.

"మా అత్తగారు చూసుకుంటారండీ," అంది గుండీలామె.

ఏ అత్తగారు? ఆవిడ ఈమె పెళ్లికి ముందే పోయింది. ఫోటోలో చూడ్డమే. అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఫోటోలో మనిషి ఎంత ఓపికగా ఉంటుందంటే, బతికుంటే నిజంగానే చూసుకునేదేమో. సూపర్‌వైజరు 'అత్తగారు' అని రాసుకుంది. పన్నెండున్నరలోపు ఆరు కాలర్లు కుట్టి చూపిస్తే రేపటి నుంచి పనిలోకి రావచ్చంది. ఒంటిగంట తర్వాత రోజూ పిల్ల గతేమిటని గుండీలామె ఆలోచించలేదు. ఆలోచిస్తే కాళ్లాడవు.

షెడ్డులో ఒక పద్ధతుంది. ఫోన్లన్నీ తలుపు దగ్గరున్న ప్లాస్టిక్ బుట్టలో పడేసి లోపలికి రావాలి. ఆమె కూడా పడేసింది, హడావుడిలో దాని నోరు మూయించడం మరిచిపోయింది. ఆ ఫోను సంగతి ఇక్కడే చెప్పేయాలి. ఇంట్లో మిషను చప్పుడుకు మామూలు రింగు వినపడక, ఒకసారి ఉడతకు జ్వరమొచ్చి టీచరమ్మ చేసిన నాలుగు కాల్సూ పోగొట్టుకుంది. ఆ వేళ నుంచి ఉడత గొంతే రికార్డు చేసి రింగుగా పెట్టుకుంది. ఎంత చప్పుడులో ఉన్నా ఆ గొంతు చెవిన పడి తీరుతుంది.

ముప్పై మంది ఆడవాళ్లు, ముప్పై కరెంటు మిషన్లు. కాలు ఆనిస్తే చాలు, మిషను పరుగు లంకించుకుంది. మొదటి కాలరు వంకరపోయింది. పళ్ల బిగువున విప్పి మళ్లీ కుట్టింది. రెండోది దారికొచ్చింది. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను గోడ గడియారం మీద. పది దాటింది, పదకొండు దాటింది. పక్క మిషనావిడ తన దగ్గరున్న, దారం నిండుగా చుట్టిన బాబిను ఒకటి ఇటు జరిపింది. పదకొండూ నలభైకి నాలుగు కాలర్లు అయ్యాయి, మూలలు రెండూ సూదిగా, సమానంగా వచ్చాయి. అయిదోది సగంలో ఉండగా బుట్టలోంచి ఉడత అరిచింది.

"అమ్మా! ఫోను! ఎత్తవే అమ్మా! ఎత్తవే!"

మిషన్లన్నీ ఠక్కున ఆగిపోయాయి. తమ పిల్ల గొంతు కాదని తెలిసి కూడా అందరి తలలూ తలుపువైపు తిరిగాయి. ఇద్దరైతే కుర్చీల్లోంచి సగం లేచారు. ఎవరిదో కత్తెర కింద పడింది.

ఆగనిది ఒక్క మిషనే. గుండీలామె కాలు పెడలు మీదే ఉంది. నాది కాదు అన్నట్టు తల వంచుకుని కుడుతోంది. కాసేపట్లో ఫోను దానంతటదే ఆగిపోతుంది, ఈ కాలరూ, ఇంకొక్కటీ, దేవుడా, ఇంకొక్కటే! ఎత్తవే అమ్మా అని పిల్ల అరుస్తూనే ఉంది. మిగతావన్నీ ఆగిన వేళ ఆమె మిషనొక్కటే టకటకమని మోగుతుంటే అందరికీ తెలిసిపోయింది.

సూపర్‌వైజరు వచ్చి స్విచ్చి ఆపింది. కోప్పడలేదు. వెళ్లి ఎత్తమని చేత్తో చూపించింది.

చేసింది టీచరమ్మ. భర్తకు ఆయాసం ఎక్కువైందట, అంబులెన్సు వస్తోందట, పిల్లల్ని ఉన్నపళంగా తీసుకెళ్లాలట. గుండీలామె ఫోను పట్టుకుని వెనక్కి వచ్చి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు కొంత, కోపం కొంత. ఎవరి మీద కోపమో ఆమెకే తెలీదు.

"అత్తగారు లేరు మేడం. ఎప్పుడూ లేరు. నేనూ పిల్లా, అంతే. వెళ్లాలి."

సూపర్‌వైజరు ఆ నాలుగు కాలర్లనూ ఒక్కొక్కటే మూలలు లాగి చూసింది.

"నా ఫారాల్లో ముప్పై మంది అత్తగార్లున్నారు, తెలుసా? ఇందాక ఫోను మోగితే ఒక్క అత్తగారూ తల తిప్పలేదు. తిప్పింది ఇక్కడున్న తల్లులే." తర్వాత గొంతు తగ్గించింది. "ఎంతసేపు ఉండగలవు? ఈసారి నిజం చెప్పు."

ఇన్ని గడపలు ఎక్కితే ఈ మాట అడిగిన మనిషి ఈమె ఒక్కతే. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా అని గుండీలామె చెప్పింది. సూపర్‌వైజరు చెవి మీది పెన్సిలు తీసి అత్తగారిని కొట్టేసి, ఆ గంటలే రాసింది. రేపు రమ్మంది. ఓనరు అడిగితే ఏం చెప్పాలో తనకింకా తెలీదని కూడా అంది.

పక్క మిషనావిడ లేచి నిలబడింది. "నా ఫారంలో కూడా కొట్టెయ్యండి మేడం," అంది మెల్లగా. ఆ వెనకాల ఇంకో కుర్చీ జరిగిన చప్పుడైంది.

మిగతాది వినడానికి గుండీలామె ఆగలేదు. రోడ్డు మీద పరుగో నడకో తెలియకుండా వెళ్లింది. పని దొరికింది, నిజమే. కానీ ఆసుపత్రి నుంచి ఆయన ఎప్పుడు తిరిగొస్తాడో, రేపు టీచరమ్మ ఆ గది తెరుస్తుందో లేదో ఎవరికి తెలుసు? వెళ్లేసరికి అంబులెన్సు గుమ్మంలో ఉంది. ఉడత మెట్టు మీద సంచీ తగిలించుకుని గెంతుతోంది. గుండీలామె టీచరమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

దారిలో ఉడత ఆరా మొదలుపెట్టింది.

"ఫోన్లో నేను పిలిచానా అమ్మా?"

"పిలిచావు."

"గట్టిగానా?"

"గట్టిగానే. అక్కడ మిషన్లన్నీ ఆగిపోయాయి."

ఉడత మురిసిపోయి రెండు గెంతులు గెంతింది. తర్వాత తల పైకెత్తి చూసింది.

"నీదీ ఆగిందా?"

గుండీలామె జారిపోతున్న పిల్ల సంచీని సర్దింది. పిల్ల చెయ్యి ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"నాది అందరికంటే ఆఖర్న ఆగిందే తల్లీ," అంది.