గంజి సంఘం

గిడ్డమ్మవ్వ గిన్నె చాచింది. కంట్రాక్టరు మేస్త్రీ దాన్ని కాలితో తన్నాడు.

"రాళ్లు మోసేటోళ్లకే గంజి. ముసలోళ్లకు ఈడ లేదు, పో!"

నేను కళ్లారా చూశాను. చూడటమేమిటి, గంజి పోసే తెడ్డు నా చేతిలోనే ఉంది.

అది యాభై రెండో సంవత్సరం. ఆదోని వైపు ఊళ్లన్నీ కరువులో ఎండిపోతున్నాయి. మా ఊరి కూలీలం గంజి సంఘం పెట్టుకున్నాం. ఇంటింటా దొరికిన కొర్రలూ జొన్నలూ ఒకే గంగాళంలో కాచి అందరికీ పోసేవాళ్లం. కరువు పనికింద రోడ్డు వేయించే కంట్రాక్టరు గంజి పనివాళ్లకేనని ఎవరి దగ్గరో ఆర్డరు రాయించుకొచ్చి, మా గంగాళాన్ని రోడ్డు పక్కకు లాక్కుపోయాడు. గంజి కాచేది నేనే, సోమన్నను. నన్నూ రమ్మన్నాడు. వెళ్లాను.

అవ్వ గిన్నెను తన్నిన ఆ సాయంత్రం బడి అరుగు మీద సంఘం కూర్చుంది.

"ఇంకా మాటలేందప్పా? పోదాం పాండి, గంగాళం ఎత్తుకొద్దాం" అన్నాడు రాళ్లు కొట్టే కంబన్న.

"పోలీసులొస్తేనో? నేను అర్జీ రాస్తా" అన్నాడు మిషన్ బడి అయ్యవారు లేవి.

"నీ కాయితం అవ్వ నమలాల్నా?"

"నీ ఉడుకుకు ఊరంతా జైలుకు పోవాల్నా?"

ముసలి సేద్యగాడు పెద్ద ఈరన్న నేల చూస్తూ, "నాకింకా తెగలేదు. చూడాల" అన్నాడు.

"చూస్తా కూచో, పిరికోడా!" అంటూ కంబన్న లేచిపోయాడు. సంఘం చెదిరింది.

మర్నాడు కంబన్న ఒక్కడే వెళ్లి గంగాళం చెవి పట్టుకున్నాడు. కంట్రాక్టరు మనుషులు చావగొట్టారు. లేవి ఒక్కడే ఆదోనికి నడిచిపోయి మూడు రోజులు తాలూకా కచేరీ ముందు కూర్చున్నాడు. ఒక్క సంతకమున్న అర్జీని చూసి బంట్రోతు నవ్వాడట. ఈరన్న రోడ్డు గట్టున కూర్చుని చూస్తూనే ఉన్నాడు. సంఘానికి గింజలు పోగుచేసే ఉరుకుందమ్మ ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ల గోడు వింటూనే ఉంది. నేను గంజి పోస్తూనే ఉన్నాను.

నాలుగో రోజు అవ్వ చనిపోయింది.

పూడ్చి వస్తుంటే ఉరుకుందమ్మ దారిలోనే కూలబడింది.

"మనమే సంపుకుంటిమి. కంబన్నకు చెయ్యి ముందు లేస్తాది. అయ్యవారికి కాయితం. ఈరన్న మామకు కన్ను. నాకు మనుషుల బాధ తప్ప ఇంకేం తోచదు. నా మాదిరి ఆలోచించలేదని ఒకరినొకరు తిట్టుకుంటిమి గానీ, నాకు తోచనిది వానికి తోస్తాదని ఒక్కరమన్నా అనుకున్యామా?"

 ఈరన్న ఆమె పక్కన కూర్చుని గొంతు విప్పాడు.

"మంగళవారం పని చూసేకి ఇంజనీరు వస్తాడు. ఆ పొద్దు పని ఆగితే కంట్రాక్టరుకు ఊపిరాడదు. రోజూ చూస్తాండా గదా. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

కంబన్న అతని కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "తప్పాయ మామా. ఏం చెయ్యాల్నో చెప్పు."

మంగళవారం ఉరుకుందమ్మ ముప్పై మంది ముసలివాళ్లను నడిపించుకొచ్చింది. లేవి అర్జీ నిండా ఊరి వేలిముద్రలు. ఇంజనీరు జీపు దిగగానే ఈరన్న తువ్వాలు ఊపాడు. తట్టలన్నీ నేలకు దిగాయి. అందరికన్నా కష్టమైన పని కంబన్నది. చెయ్యి ఎత్తకూడదు. మేస్త్రీ చెంప పగలగొట్టినా ఎత్తలేదు, వెనకవాళ్లను ఎత్తనివ్వలేదు.

లేవి అర్జీ చదివాడు. "ఇది నా పని కాదు" అని ఇంజనీరు జీపెక్కాడు.

పోలీసులు వచ్చారు. కంబన్ననూ లేవినీ ఈరన్ననూ వ్యానెక్కించారు. మేం చూస్తూ నిలబడ్డాం. ఇంకేం చేయగలం?

"ముసలోళ్లకు గంజి పోసినారో, పనే మూసేస్తా!" కంట్రాక్టరు అరిచాడు.

తెడ్డు ఇంకా నా చేతిలోనే ఉంది. ముంచి, ముందున్న మహానంది తాత గిన్నెలో పోశాను. మేస్త్రీ తెడ్డు గుంజుకున్నాడు. అప్పుడు ఉరుకుందమ్మ తన గిన్నె గంగాళంలో ముంచి పక్కనున్న ముసలామెకు పోసింది. ఆమె వెనక ఇంకొకతె. ఆ వెనక రాళ్లు మోసే వాళ్లందరూ. మేస్త్రీ ఎంతమందినని ఆపుతాడు? ముప్పై మందీ తాగేదాకా ఒక్క కూలీ తాగలేదు.

ఆ ఒక్క పూటే. మర్నాడు పని మూసేశారు. గంగాళాన్ని పోలీసులు పట్టుకుపోయారు. ముగ్గురూ జైల్లో ఉన్నారు. ఊళ్లో పొయ్యి వెలగలేదు.

ఆ ఎండలో పక్క ఊరి రోడ్డు పని నుంచి నలుగురు కూలీలు నడిచొచ్చారు. "మా తావ కూడా ముసలోళ్లకు పొయ్యడం లేదక్కా. ఎట్ల చేస్తిరో చెప్పు."

ఉరుకుందమ్మ వాళ్లను నీడకు పిలిచింది.

"చెప్తా, కూచోండి. ముందు మీరు నలుగురూ ఒకరి మాట ఒకరు కడదాకా వినండి."