ఎడమ చేతులు

"తెలిసినోళ్లు కుడి చెయ్యి ఎత్తండి, తెలీనోళ్లు ఎడమ చెయ్యి. నేను కుడి చేతులోళ్లనే అడుగుతా. చూసేవాళ్లకు క్లాసంతా చేతులెత్తినట్టుండాల," అని త్రివేణి ముందురోజే పిల్లలకు చెప్పిపెట్టింది.

"నాకు కుడేదో ఎడమేదో భయంలో మర్చిపోతాది మ్యాడమ్," అన్నాడు మారుతి. క్లాసు నవ్వింది. త్రివేణికి నవ్వు రాలేదు.

ఆమె యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. బోధన బాగుచేయడానికని కొత్తగా ఒక విభాగం పెట్టారు. అక్కడి ఇంద్రాణి మేడం క్లాసులో కూర్చుని రిపోర్టు రాస్తుంది. అది బాగుంటేనే వచ్చే ఏడు కొలువు. త్రివేణికి గుర్తొచ్చిన ఉపాయం ఒక్కటే, చిన్నప్పుడు ఊరి బడికి ఇన్‌స్పెక్టరు వస్తే అయ్యవారు చేయించింది.

ఇంద్రాణి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. త్రివేణి చేతిలో సుద్దముక్క విరిగింది. ఇంకోటి తీసుకుని అడిగింది.

"మన గట్టి రాతిలో నీళ్లు ఎక్కడుంటాయి?"

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. మారుతి లేచి, "పగుళ్లల్లో మ్యాడమ్," అన్నాడు. మరో ప్రశ్న. మళ్లీ అన్ని చేతులూ. ఇంద్రాణి పెన్ను మూత కూడా తీయలేదు. 

"నేనొకరిని అడగొచ్చా?" అంటూ ఇంద్రాణి లేచింది. "ఎడమ చెయ్యెత్తిన ఆ పాపను."

ఈశ్వరి నిలబడి త్రివేణి ముఖంలోకి చూసింది. 

"నాకు తెలీదు మ్యాడమ్."

"మరి చెయ్యెందుకెత్తితివి?"

ఈశ్వరి తల దించుకుంది. త్రివేణి పేరు మాత్రం చెప్పలేదు.

"పెనుకొండ కాడ మా బళ్లోనూ ఇంతే," అంది ఇంద్రాణి, గొంతు పెంచకుండా. "నాది ఎప్పుడూ ఎడమ చెయ్యే. పదో తరగతి దాటేదాకా నన్నెవరూ ఒక్కమాట అడగల్యా. ఏదీ, ఆ ప్రశ్నకే అందరూ మళ్లీ ఎత్తండి. త్రివేణిగారూ, మీరూ చూడండి."

త్రివేణి చూసింది. మారుతి, అతని పక్కన ఇద్దరు. మిగతావన్నీ ఎడమ చేతులే. ఇంతసేపూ ఆమె కళ్లు కుడి చేతులనే వెతికాయి. కొలువు పోతుందన్న భయం ఒకవైపు ఉండగానే, అంతకన్నా పెద్ద భయమొకటి పట్టుకుంది. ఆర్నెల్లుగా తను ఎవరికి చెబుతున్నట్టు?

"రిపోర్టు ఇంకా రాయల్యా. టైముండాది. క్లాసు మీది," అని ఇంద్రాణి వెనక్కి పోయి కూర్చుంది.

త్రివేణి ఈశ్వరి దగ్గరికి నడిచింది. "యాడ అర్థం కాలేదు తల్లీ?"

"పగుళ్లల్లో నీళ్లుంటాయంటిరి. మా చేన్లో బోరేస్తే, బోరోళ్లు పగులు తగిలిందనిరి. నీళ్లు రాల్యా. యాడికి పోయినాయి?"

పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. త్రివేణి బోర్డు మీద పొట్టి గీతలు విడివిడిగా గీసింది. "ఇవి పగుళ్లు. మీ బోరు దీనికి తగిలింది. దీనికి ఇంకో పగులుతో దారి లేదు. పైన వాన పడినా ఇందులోకి దిగదు." పక్కన మరికొన్ని గీతలు గీసి, ఒకదానికొకటి కలిపింది. "ఇట్లా కలిసినచోటే బోరులోకి నీళ్లొస్తాయి."

బోర్డు వైపే తిరిగి నిలబడి, "అర్థమైతే కుడి, కాకపోతే ఎడమ. ఇప్పుడు నాకోసం ఎత్తండి," అంది.

వెనక చేతులు లేస్తున్న అలికిడి. త్రివేణి తిరిగింది. కుడి చేతులు పెరిగాయి. ఈశ్వరిది మాత్రం ఇంకా ఎడమ చెయ్యే.

"యాడ తప్పిందో చెప్పు," అంటూ త్రివేణి డస్టరు అందుకుంది.