కాగితం ఇచ్చేదాకా

కొత్త బండి కొన్న ఏడో వారంలో, కొండ వాలులో ఒక తపాలా పెట్టె ముందు, కొలెట్ డెరోషే బండి ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుపోయింది. వెనకనుంచి పాల ట్యాంకరు దిగుతోంది. దాని డ్రైవరు ఆఖరి క్షణంలో మంచు దిబ్బలోకి తిప్పుకున్నాడు గనక ఆమె బతికిపోయింది.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు ఉత్తర కొసన ఇరవై ఆరేళ్లుగా ఆమె పల్లెలకు ఉత్తరాలు పంచుతోంది. ఆ ఉద్యోగానికి బండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. రోడ్డు పక్కన ఇంటికొకటి చొప్పున రోజుకు నాలుగు వందల పెట్టెలు. ప్రతిదాని ముందూ ఆగి, కిటికీలోంచి చెయ్యి చాచి ఉత్తరాలు వేసి కదలాలి. అక్కడి బండ్లకు స్టీరింగు ఎడమవైపు, పెట్టెలేమో రోడ్డుకు కుడివైపు. అందుకే కుడివైపు స్టీరింగు ఉన్న బండిని కోరి తెప్పించుకుంది. భర్త పోయాక ఆమె కొనుక్కున్న మొదటి కొత్త వస్తువు అదే.

షోరూములో సర్వీసు చూసేది బ్రెంట్ హేజెల్టన్. ఆమె ఉత్తరాలు వేసే దారిలోనే పుట్టి పెరిగినవాడు. మూడు రోజులు బండిని షెడ్డులో ఉంచుకుని, లోపమేమీ కనబడలేదని తాళాలు చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా బండి మళ్లీ ఆగింది. ఈసారి ఎనిమిది రోజులు ఉంచుకుని అదే మాట చెప్పాడు. మూడోసారి తెచ్చినప్పుడు కాగితాలవీ ఎందుకు, ఊరికే చూసిపెడతామన్నాడు.

ఆ మాట వినగానే కొలెట్ తమ్ముడు రోలాండ్ ఉలిక్కిపడ్డాడు. అతను ఒకప్పుడు పాత కార్లు అమ్మినవాడు. ఒకే లోపాన్ని మూడుసార్లు బాగుచేయలేకపోయినా, నెల రోజులు బండి షెడ్డులోనే పడున్నా, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోవాలని చట్టం ఉంది. కాగితం మీద లేకపోతే మాత్రం బండి అసలు షెడ్డుకే వెళ్లనట్టు లెక్క.

మర్నాడు సెలవు పెట్టి కొలెట్ షోరూముకు వెళ్లింది.

"తెచ్చిన తేదీ, తెచ్చిన కారణం రాసి సంతకం పెట్టు బ్రెంట్."

"లోపమే లేనప్పుడు ఏం రాయమంటావు ఆంటీ?"

"లోపం లేదనే రాయి. నిన్ను అబద్ధం రాయమనడం లేదుగా."

కంప్యూటరు ఒప్పుకోదన్నాడు. యజమాని ఊళ్లో లేడన్నాడు. ఆమె కౌంటరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దున తొమ్మిదికి కూర్చున్న మనిషి మధ్యాహ్నం అక్కడే సాండ్‌విచ్ తింది. కొత్త కార్లు చూడ్డానికి వచ్చినవాళ్లలో సగంమంది ఆమె ఉత్తరాలు అందుకునేవాళ్లే. ఇక్కడున్నావేమిటని పలకరించిన ప్రతివాళ్లకీ గొంతు పెంచకుండా పాల ట్యాంకరు సంగతి మొత్తం చెప్పింది. నాలుగు గంటలకు, ఊళ్లో లేని యజమాని వెనక గదిలోంచి వచ్చి, ఆమెకు కావలసింది రాసివ్వమని బ్రెంట్‌తో చెప్పాడు.

ఫిబ్రవరి నాటికి అలాంటి కాగితాలు నాలుగయ్యాయి. బండి షెడ్డులో ఉన్న రోజులు ముప్పై నాలుగు. ఇలాంటి బండ్ల తగాదాలు తేల్చే రాష్ట్ర బోర్డుకు ఆమె ఫిర్యాదు పెట్టింది.

విచారణకు వారం ముందు కంపెనీ లాయరు ప్రూయిట్ ఫోను చేసింది. గొడవెందుకు, కొత్త బండి ఇచ్చేస్తాం, ఒక ఒప్పందం మీద సంతకం పెడితే చాలని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆమె పంపిన ఒప్పందం చదివితే, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఉంది.

"తీసేసుకో అక్కా. నీకు కావలసింది బండేగా," అన్నాడు రోలాండ్.

"మరి దీన్నేం చేస్తారు?"

బోర్డు తీర్పిస్తే అది పనికిరాని బండి అని దాని పత్రం మీద ముద్ర పడుతుందని, కొనేవాళ్లందరికీ అది తెలుస్తుందని, ఇలా చాటుగా సర్దుకుంటే ఆ ముద్ర పడకపోవచ్చని రోలాండ్ చెప్పాడు.

"కడిగి తుడిచి ఎవరికో అంటగడతారు. నేనూ అలాంటివి అమ్మాను," అన్నాడు తల దించుకుని.

వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎవరో ఆ కొండ దిగుతున్నట్టు కొలెట్‌కు కళ్లకు కట్టింది. ఒప్పందాన్ని సంతకం లేకుండానే తిప్పి పంపింది.

విచారణలో బోర్డువాళ్లు అయిదుగురు. రోజుకు నాలుగు వందలసార్లు ఆపడం మామూలు వాడకం కాదని ప్రూయిట్ వాదించింది.

"స్టీరింగు కుడివైపు పెట్టి అమ్మారు. దేనికమ్మా మరి, షికారుకా?" అంది కొలెట్. బోర్డులో ఒకాయన నవ్వు ఆపుకున్నాడు.

తరవాత బండి నడిపి చూస్తామన్నారు. బోర్డు అధ్యక్షురాలినీ మెకానిక్కునూ ఎక్కించుకుని ఆమె యాభై పెట్టెల దగ్గర ఆపింది. బండి వెన్నలా నడిచింది. ఆగవే ముండా అని లోలోపల తిట్టుకుంది. అది వినలేదు. గదిలోకి తిరిగొచ్చేసరికి ప్రూయిట్ మొహం వెలిగిపోతోంది.

"ఇవాళ ఆగలేదు. ఆగిందని నేను చెప్పను," అంది కొలెట్. "రేపు ఆగదని వాళ్లు చెప్పగలరా? అడగండి."

ప్రూయిట్ కాగితాలు సర్దుకుంది. అధ్యక్షురాలు ఆ నాలుగు కాగితాలూ సాక్షిగా పిలిపించిన బ్రెంట్ ముందు పెట్టి, సంతకాలు నీవేనా అని అడిగింది. నావేనన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కాని అతను కొలెట్ వైపు ఒకసారి చూశాడు.

"మా షెడ్డు వెచ్చగా ఉంటుందండీ. చలికే ఆగుతోందేమో, రాత్రంతా బయట ఉంచి చూడమని ఆవిడ రెండుసార్లు అడిగింది. మేం చూడలేదు."

తీర్పు మూడు వారాలకు తపాలాలో వచ్చింది. పొద్దున్నే పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేస్తుంటే తన పేరున్న కవరు తన చేతికే తగిలింది. నిలబడే చింపింది. నడిపిన మైళ్లకు కొంత పట్టుకుని మిగతా డబ్బంతా తిరిగివ్వాలి, బండి పత్రం మీద ముద్ర వేయాలి. రెండుసార్లు చదివి, కోటు లోపలి జేబులో పెట్టుకుని, మిగిలిన ఉత్తరాలు వేరు చేసింది.

కొత్త బండి ఇంకా కుదరలేదు. రోలాండ్ ఇచ్చిన పాత ట్రక్కుకు స్టీరింగు ఎడమవైపు. కుడి సీట్లో కూర్చుని, ఎడమ కాలు చాచి పెడళ్లు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ పంచుతోంది. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. దారిలో ఆపి అడిగినవాళ్లకు మాత్రం, కంపెనీ పేరుతో సహా, జరిగిందంతా మొదటినుంచీ చెబుతోంది.