నేల తగలని కావడి

మురాద్‌నగర్ ఇంకా రాలేదు, కాలువ గట్టు మీద వాన అందుకుంది. రవికిరణ్, రేవతి వీపుల మీద సంచులతో దారి పక్కన ఉన్న రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు.

ఇద్దరిదీ భీమవరం. పెళ్లయ్యాక గురుగ్రామ్‌లో ఒకే కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. కొండల్లో వారాల తరబడి నడవాలని అనుకుంటున్నారు. ముందు కాళ్లకు అలవాటు కావాలని హరిద్వార్‌లో సంచులు ఎత్తుకుని, గంగ కాలువ వెంబడి ఢిల్లీకి నడుస్తున్నారు. సెలవులు చూసుకున్నారు, పంచాంగం చూసుకోలేదు. దారంతా కావళ్లే. హరిద్వార్‌లో గంగనీళ్లు కుండల్లో నింపి, కావడికి కట్టి, కాలినడకన తమ ఊరి శివుడి దగ్గరికి తీసుకెళ్లే వాళ్లు. మర్నాడే ఉత్తరాది వాళ్ల శ్రావణ శివరాత్రి, ఆ నీళ్లు శివుడికి పోసే రోజు. అందుకే చాలామంది వానకు ముందే ముందుకు సాగిపోయారు.

షెడ్డు యాత్రికుల కోసం వేసిన శిబిరం. లోపల ఇద్దరు వంటవాళ్లు, ఒక స్త్రీ ఉన్నారు. స్త్రీకి నలభై ఉంటాయి. కాషాయపు చొక్కా, సల్వార్, ఉత్త కాళ్లు. భుజం మీద కావడి ఉంది. రెండు వైపులా ఇత్తడి బిందెలు. ఆమె నిలబడే ఉంది, కాని పాదాలు ఆగడం లేదు. ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి బరువు మారుస్తూ ఉంది.

మూలన రెండు గుంజల మీద అడ్డంగా కట్టిన వెదురు కనిపించింది. రవికిరణ్ తన సంచి తీసి దానికి తగిలించాడు.

"భయ్యా, అది బట్టలారేసే దండెం కాదు" అంది ఆమె హిందీలో. "కావళ్లు తగిలించేది. తీసెయ్."

అతను తీసి బల్ల మీద పెట్టాడు.

"మరి మీరెందుకు తగిలించలేదు, దీదీ?" అని అడిగింది రేవతి.

"మాది ఖడీ కావడి. నేల తగలకూడదు, కొయ్యకీ తగిలించకూడదు. ఇంటిదాకా ఎవరో ఒకరి భుజం మీద ఉండాలి. కదులుతూ ఉండాలి."

ఆమె పేరు సంతోష్. ఢిల్లీ సరిహద్దులో లోనీ నుంచి వచ్చింది. ఆమె, భర్త ధర్మపాల్ వంతులవారీగా మోస్తున్నారు. పొద్దున ధర్మపాల్ పాదంలో గాజుపెంకు దిగింది. కుట్లు వేయించడానికి శిబిరం వాళ్లు మోటార్ సైకిల్ మీద తీసుకెళ్లారు. తర్వాత ఊరివైపు వాన ముందే అందుకుని, దారిలో నీళ్లు నిలిచాయి. అతను తిరిగి రాలేదు. తెల్లవారక ముందు నుంచి కావడి ఆమె భుజం మీదే ఉంది.

"కింద పెడితే?" అన్నాడు రవికిరణ్.

"నిరుడు ఇదే దారిలో, ఖతౌలీలో జారిపడ్డాను. నేల తగిలింది. మళ్లీ హరిద్వార్ వెళ్లి నీళ్లు పట్టుకొచ్చాం. ఇంటికి చేరేసరికి శివరాత్రి వెళ్లిపోయింది."

"ఈసారీ అలా అయితే?"

"ఈసారీ వెళ్తాం. కాని రేపే శివరాత్రి." ఆమె భుజం మార్చుకుంది. మార్చేటప్పుడు మోకాలు ఒకసారి వంగింది. వంటవాళ్లిద్దరూ లేచారు. ఆమె నిలదొక్కుకున్నాక కూర్చున్నారు.

"మీరు పట్టుకోవచ్చుగా" అన్నాడు రవికిరణ్ వాళ్లతో.

"పొద్దుటి నుంచి బీడీ ఆపలేదు నేను. వీడు గుట్కా. అలాంటి వాళ్లు కావడి ముట్టకూడదు" అన్నాడు పెద్దవాడు. "మమ్మల్ని ఆమె అడగలేదు. అడగదు కూడా."

సంతోష్ రవికిరణ్ భుజాల వైపు చూసింది. "నువ్వు మోస్తావా, భయ్యా? మా ఆయన వచ్చేదాకా. ముందు బోరింగు దగ్గర స్నానం చేసి రావాలి."

"వానలో ఇప్పుడేగా స్నానమైంది."

"అది వాన చేయించింది. నువ్వు చెయ్యాలి."

అతను నవ్వి చొక్కా విప్పాడు. రేవతి అతని చెయ్యి పట్టుకుని తెలుగులో అడిగింది.

"పొద్దున ఏం తిన్నావ్?"

రవికిరణ్ ఆగాడు. పొద్దున వేరే శిబిరంలో పెట్టిన అన్నంలో వాళ్లమ్మ పంపిన రొయ్యపొడి కలుపుకుని తిన్నాడు. పొట్లం ఖాళీ చేశాడు. ఒక్క ముద్దకైనా మిగల్చలేదని రేవతి రెండు మైళ్లు అతనితో మాట్లాడలేదు.

"మనకింకా ఆషాఢమేగా" అన్నాడు గొంతు తగ్గించి. "శ్రావణం ఎక్కడొచ్చింది?"

"ఆవిడకి పున్నమి దాటగానే వచ్చేసింది."

"ఆవిడకేం తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అతను చొక్కా మళ్లీ తొడుక్కుని చెప్పాడు. రొయ్యకి హిందీ మాట వెంటనే తట్టక, నీళ్లలో ఉండేది అన్నాడు. వంటవాడి చేతిలో గరిటె ఆగింది. సంతోష్ అతని ముఖంలోకి చూసింది.

"ఈ దారిలో? శ్రావణంలో?"

"మా లెక్కలో శ్రావణం ఇంకా రాలేదు, దీదీ. అమావాస్య తర్వాత వస్తుంది."

"మీ ఊళ్లో శివుడు ఆలస్యంగా లేస్తాడా?" అంది ఆమె. వంటవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "చెప్పావు. మంచిది."

"నేను తినలేదు" అంది రేవతి. "ఇతనే మొత్తం తినేశాడు. నేను ఉత్త పప్పన్నం తిన్నాను."

"బరువు, బేటీ."

"నా సంచీ బరువే."

రేవతి బోరింగు దగ్గరికి వెళ్లింది. రవికిరణ్ బోరింగు కొట్టాడు. ఆమె తల మీదుగా నీళ్లు పోసుకుని, బూట్లు విడిచి వచ్చింది. సంతోష్ ఆమె పక్కన భుజం ఆనించి నిలబడింది. కావడి ఒక భుజం మీది నుంచి రెండో దాని మీదికి జరిగింది. బిందెలు ఊగాయి. చుక్క ఒలకలేదు.

"ఆగకు. పసిపిల్లని జోకొడుతున్నట్టు."

సంతోష్ ఆ మాట చెప్పి నేల మీద పడుకుంది. పక్క అడగలేదు. వాన రేకుల మీద కొడుతూనే ఉంది. ఆమె నిద్రపోయింది.

రేవతి సంచిలో బరువు నడుముకు కట్టిన పట్టీ మీద పడేది. ఇక్కడ అంతా వెదురు తగిలే చోటే. కాసేపటికి ఆమె మెడ తిప్పలేకపోయింది. రవికిరణ్ ఎదురుగా నిలబడ్డాడు. కావడి ముట్టుకోకూడదు కాబట్టి ఆమె ముఖం మీద చెమట తుడవడానికి కూడా దగ్గరికి రాలేదు.

"ఈవిడ హరిద్వార్ నుంచి ఇలాగే వచ్చింది, రవీ" అంది రేవతి.

"ఊఁ."

"మనం ప్రతి టీకొట్టు దగ్గరా దించాం."

వాన తగ్గాక మోటార్ సైకిల్ వచ్చింది. ధర్మపాల్ దిగాడు. పాదానికి కట్టు, దాని మీద ప్లాస్టిక్ సంచి. నేల మీద పడుకున్న భార్యను చూసి పరుగెత్తబోయి, కుంటుతూ ఆగాడు. తర్వాత రేవతి భుజం మీద కావడి చూశాడు. బిందెలు రెండూ చూశాడు. చేతులు జోడించి, ఏమీ అడగకుండా బోరింగు వైపు వెళ్లాడు. రవికిరణ్ వెనకే వెళ్లి అతనికీ నీళ్లు కొట్టాడు.

సంతోష్ లేచి స్నానం చేసి వచ్చింది. భర్త చెయ్యి చాచాడు కాని, "ఆ కాలితోనా? వెనక నడు" అని తనే తీసుకుంది. రేవతి తల మీద అరచెయ్యి పెట్టి, గట్టు ఎక్కి వెళ్లిపోయింది. ధర్మపాల్ కుంటుతూ వెనక నడిచాడు.

మురాద్‌నగర్ ముందు టీకొట్టు వచ్చింది. రవికిరణ్ సంచి దించి బల్ల మీద కూర్చున్నాడు. రేవతి నిలబడే గ్లాసు అందుకుంది.

"దించవా?"

"ఉండనీ" అంది రేవతి. టీ అయ్యేదాకా ఆమె కాళ్లు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి.