తక్బర్ వెంట నడిచిన ఇసుకదిబ్బ

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఎడారి ఊరి ఆడవాళ్ళు టీ కెటిల్ పట్టుకుని ఇళ్ళ వెనక చేరతారు. ఎవరి ఇంటి వెనక ఇసుకదిబ్బ వాళ్ళది. దానికి వీపు ఆన్చి కూర్చుని, మూడో గ్లాసు టీ తాగేలోపు ఊళ్ళో సంగతులన్నీ తేల్చేస్తారు. ఆనుకున్నంత కాలం దిబ్బ కదలదు. బక్కపల్చటి వాళ్ళు ఆనుకుంటే మాత్రం లెక్కచేయదు, గోడ దూకి వంటింట్లోకి వచ్చేస్తుంది. అందుకే మావైపు నిండైన ఒళ్ళున్న ఆడమనిషి ఇంటికి పెట్టని కోట.

తక్బర్ అలాంటి కోటే. పెళ్ళిళ్ళలో ఆమె నడుము మీద పాటలు కట్టేవారు. చిన్నతనంలో తల్లి ఉమ్ముల్ ఖైరి ఆమెను వానాకాలమంతా తౌతా గుడారంలో ఉంచింది. ఆడపిల్లలకు ఒళ్ళు చేయించడమే తౌతా వృత్తి. తెల్లారకముందే కుండెడు ఒంటెపాలు తాగించేది. కక్కితే మళ్ళీ కుండెడు. తాగనంటే కాలివేళ్ళ మధ్య పుల్లలు పెట్టి నొక్కేది. తక్బర్ ఈ సంగతి గొప్పగానే చెప్పేది కానీ, చెప్పినప్పుడల్లా పాదాలు ముడుచుకునేది.

ఈ వానలకు తక్బర్ కూతురు నజాత్ వంతు. ఉమ్ముల్ ఖైరి అప్పుడే తౌతాకు కబురు పెట్టేసింది.

ఇంతలో తక్బర్ ఆయాసం పట్టలేక ఆసుపత్రికి వెళ్ళింది.

"షుగరుంది, బీపీ ఉంది, గుండె అలిసిపోతోంది. రోజూ నడవాలక్కా. నడవకపోతే నీ కూతురి పెళ్ళి నువ్వు చూడవు" అంది నర్సు.

"నే నడుస్తూ పోతే దిబ్బనెవరు పట్టుకుంటారే?"

నర్సుదీ మా ఊరే. "అదీ నిజమే. అయినా నడవాలి."

ఇంటికొచ్చి చెబితే తల్లి ఎగిరిపడింది. "అందుకేగా పిల్లని పంపుదామంటున్నా! నేను ముసలిదాన్నైపోయా, నీకు రోగమొచ్చింది. రేపు ఈ ఇల్లు ఇసకపాలు కావాలా?"

"నే పోను" అంది నజాత్.

"మీ అమ్మా ఇలాగే అంది. ఇప్పుడు చూడు, ఎంత దర్జాగా ఉందో!"

"దర్జాగానే ఉంది. నాతో పాటు పరిగెత్తమను చూద్దాం."

తక్బర్‌కు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆ పాలవాసన ఇప్పటికీ ఆమె గొంతులోనే ఉంది.

మర్నాడు టీ తాగి, ఒంటికి చుట్టుకున్న మలహఫా కొంగు తలమీదకు లాక్కుని లేచింది.

"కూర్చోవే తల్లీ, గాలి లేస్తోంది! ఇల్లు ముంచుతావా?" పక్కింటివాళ్ళు కేకలేశారు.

ఆమె ఆగలేదు. ఎడారివైపు కొంత దూరం నడిచి, ఇల్లు ఏమైందోనన్న భయంతో వెనక్కి తిరిగింది. దిబ్బ ఆమె వెనకే ఉంది. ఆమె రొప్పుతూ నిలబడితే అదీ నిలబడింది, అడుగేస్తే అదీ కదిలింది. ఇన్నేళ్ళు వీపు ఆన్చిన మనిషిని వదిలి అది మాత్రం ఎలా ఉంటుంది?

"ఎందాకా తోలుకుపోతావే దాన్ని?" అని అడిగారు ఆడవాళ్ళు.

"నా కాళ్ళు పోయినంత దూరం!"

ఆ రోజునుంచి దిబ్బను ఎక్కడ ఆపితే అక్కడే వీపు ఆన్చి కుదురు చేసి దిగబెట్టి వచ్చేది, మర్నాడు అక్కడిదాకా నడిచి మళ్ళీ బయల్దేరదీసేది. ఇంటి వెనక ఎప్పుడో పూడిపోయిన పాత పెరటి గోడ బయటపడింది. నర్సు షుగరు తగ్గిందంది. తక్బర్ చిక్కిపోయిందనుకునేరు, పాటలు కట్టేంత నడుము ఇంకా ఉంది. నడిచే కోటను మాత్రం మా ఊరు అప్పుడే చూసింది, చూసి మురిసిపోయింది.

తొలివాన పడగానే తౌతా ఒంటెనెక్కి వచ్చింది.

"పిల్లేదీ?"

ఉమ్ముల్ ఖైరి గుమ్మంలోంచి చెయ్యి చాపింది. దూరంగా నీలం మలహఫాలో తక్బర్, ఆమెకు ముందు గెంతుతూ నజాత్, వాళ్ళ వెనక కొండంత దిబ్బ. ముసలావిడ గుండె పొంగిపోయింది, దాచుకోలేదు.

"పిల్లని పంపను తౌతా. దానికి పనుంది. వాళ్ళమ్మకు నలతగా ఉంటే దిబ్బను నడిపించేది అదే."

"ఆ బక్కదాని వెంటా? దిబ్బా?"

"నిన్న నడిచింది" అంది ముసలావిడ, గడ్డం పైకెత్తి. "అదుగో, ఒంటెను పక్కకు తియ్యి. వాళ్ళు దాన్ని ఊరి పక్కనుంచి ఇటుగా తిప్పుతున్నారు."