అభ్యంతరం లేదు

ఆ ఆర్థిక సంస్థలో లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్లకూ ముందు ఆమె నవ్వు ముఖమే కనిపిస్తుంది. చక్రాల కుర్చీలో ఆమె, ఒళ్లో ఫైలు, కింద "ఇక్కడ అందరికీ చోటుంది" అని పెద్ద అక్షరాలు. ఆ బొమ్మ అంటించినప్పటి నుంచి ఆఫీసంతా ఆమెను పోస్టర్ మేడమ్ అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఏడేళ్లుగా రుణ దరఖాస్తులు పరిశీలించే అదే బల్ల, అదే హోదా.

సంస్థలో ఒక నియమం ఉంది. కొత్త ఉద్యోగానికైనా ప్రమోషన్‌కైనా ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో ఒకరు వికలాంగులై ఉండాలి. అంత పెద్ద భవనంలో అలాంటి మనిషి ఆమె ఒక్కతే. ఏ శాఖలో ఇంటర్వ్యూ జరిగినా ఆమె కుర్చీ అక్కడికి దొర్లాల్సిందే. చివర్లో నిర్ణయం రాసిన ఒక కాగితం ఇస్తారు. "అభ్యంతరం లేదు" అని ముందే అచ్చేసి ఉంటుంది. ఆమె సంతకం పెడుతుంది. సొంత ఫైళ్లు భోజనం మానుకుని చూసుకుంటుంది.

ఆ రోజు పొద్దున మేనేజర్ పోస్టుకు ఆమె ఇంటర్వ్యూ. హెచ్ఆర్ పెద్ద గుమ్మంలోనే ఆపాడు.

"నియమం ప్రకారం ప్యానెల్‌లో మీరుండాలి మేడమ్. మీ ఇంటర్వ్యూ మీరే చేసుకోలేరు కదా."

"మరెలాగండి?"

"మీలాంటి వాళ్లు ఇంకొకరు చేరాక పెట్టుకుందాం."

ఇది మూడో వాయిదా. ఆయన గొంతులో వెటకారం ఉంటే ఆమె కూడా ఓ మాట అనేది. నియమంతో ఏం పోట్లాడుతుంది? కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆమె పని.

మధ్యాహ్నం రుణ విభాగంలో ఉద్యోగానికి ఒక చూపులేని అమ్మాయి వచ్చింది. రాత పరీక్షలో ఆమెదే మొదటి ర్యాంకు. ప్యానెల్‌లోని ముగ్గురూ కాలిక్యులేటర్ తీసేలోపు నోటితోనే లెక్క చెప్పేసింది. ఈ పిల్ల చేరితే తన తలుపూ తెరుచుకుంటుందనుకుంది పోస్టర్ మేడమ్. ఆ ఆశకు ఆమెకే సిగ్గేసింది. అయినా ఆశే.

అమ్మాయి బయటికి వెళ్లగానే హెచ్ఆర్ పెద్ద ఒళ్లు విరుచుకున్నాడు.

"బాగానే చెప్పింది. కానీ ఆవిడ కోసం కంప్యూటర్లో ఏవేవో పెట్టించాలి. ఎందుకొచ్చిన గొడవ? పోస్టర్‌కి మన మేడమ్ ఉండనే ఉన్నారు."

మూడో సభ్యుడు తలూపాడు. కాగితం ఆమె ముందుకు జరిగింది.

"కొంచెం మంచినీళ్లు తాగొస్తానండి" అంది ఆమె. ఆ గది ఇరుకు. తలుపు దగ్గర కూర్చున్న హెచ్ఆర్ పెద్ద లేచి తన కుర్చీ జరిపితేనే ఆమె కుర్చీ బయటికి పోతుంది. ఆయన లేచి జరిపాడు.

వరండాలో బెంచీ మీదున్న అమ్మాయి చక్రాల చప్పుడు విని తలెత్తింది.

"మీరేనా అక్కా? పోస్టర్ సంగతి మా అన్నయ్య చదివి వినిపించాడు. మీరుండబట్టే ధైర్యం చేసి దరఖాస్తు పెట్టాను."

పోస్టర్ మేడమ్ చక్రాలు ఆపింది. తనుండబట్టే ఈ పిల్ల వచ్చింది. తనుండబట్టే లోపల వద్దంటున్నారు. "ఉండమ్మా, వెళ్లకు" అని మాత్రం అనగలిగింది.

తిరిగి వచ్చి కాగితం ముందుకు తీసుకుంది. సంతకం పెట్టకుండానే వెనక్కి తోసింది.

"నాకు అభ్యంతరం ఉందండి."

"అది రాయడానికి ఇందులో చోటు లేదు మేడమ్."

"అందుకే ఖాళీగా వదిలేశాను."

"మీ సంతకం లేకపోతే ఈ పోస్టు మూలన పడుతుంది. రేపు మీ ప్రమోషన్ మాటొచ్చినప్పుడు ఇవన్నీ చూస్తారు."

"నా ప్రమోషన్ ఆ అమ్మాయి చేరాకే కదండీ. మీరే చెప్పారు."

హెచ్ఆర్ పెద్దకు కోపం రాలేదు. గడియారం చూసుకున్నాడు. "తొందరేం లేదు. ఈ గది ఆరింటిదాకా మనదే. నిదానంగా ఆలోచించుకోండి."

ఆమె పెన్నుకు మూత పెట్టి, చక్రాలు తలుపు వైపు తిప్పింది.

"కొంచెం జరుగుతారా?"

ఈసారి ఆయన లేవలేదు.